కృపాకుమారి సాక్ష్యం

తిప్పన్న వసారాలో తొమ్మిది మంది ఆడవాళ్ళు విత్తనం కాయలు ఒలుస్తున్నారు. పొద్దున ఏడింటికి కూర్చున్నారు. పదకొండవుతున్నా చేతులకు గానీ నోళ్ళకు గానీ విశ్రాంతి లేదు. తిప్పన్న భార్య ఎస్తేరమ్మ గంటకోసారి వచ్చి శనక్కాయల కుప్ప మీద నీళ్ళు చిలకరించి పోతోంది. తడి తగిలితే పొట్టు మెత్తబడుతుంది, గింజ మీది ఎర్ర పొర చిట్లదు. పొర లేచిన గింజ నూనెకే తప్ప మొలకకు పనికిరాదు. అందుకే ఈ ఊళ్ళో విత్తనాన్ని ఇప్పటికీ మిషన్లో వేయరు. మిషనుకు పొట్టూ ఒకటే గింజా ఒకటే. మనిషి బొటనవేలయితే ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కి, లోపల నిద్రపోతున్న గింజను లేపకుండా బయటికి తీస్తుంది. చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు.

కృపాకుమారి అలా చూస్తూనే కూర్చుంది. ఆమె చేట అడుగు కూడా నిండలేదు. పక్కన వాళ్ళమ్మ నల్లమ్మ చేట రెండుసార్లు నిండి గంపలోకి పోయింది. నల్లమ్మ కాయ వైపు చూడదు. ఎదుటి మనిషితో మాట్లాడుతూనే ఎడమ చేత్తో తీసి, కుడి చేత్తో పగలగొట్టి, గింజను చేటలోకి, పొట్టును వెనక్కి విసురుతుంది. పదిహేడేళ్ళుగా చూస్తున్న చేతులే అయినా, ఈ మధ్య కృపకు ఏ మామూలు పని చూసినా వింతగా ఉంటోంది. ఇంతమంది ఇంత నిమ్మళంగా ఎలా ఊపిరి పీలుస్తున్నారా అనిపిస్తోంది.

"ఏమ్మే కృపా, వేలికి గుడ్డ కట్టుకోవే. డాక్టరు కావల్సిన చేతులు పొక్కులెక్కితే ఎట్ల?" అంది పక్కింటి సుజాత.

"సోమవారం కాలేజీ తెరుస్తారంట గదా. బట్టలు సర్దుకొనిందా?" అంది మరొకామె.

"ఎప్పుడో సర్దినా," అని నల్లమ్మే జవాబు చెప్పింది. "హాస్టలు బకెట్టుకు పేరు గూడా రాపించినా."

అంతలో తిప్పన్న లోపలి నుంచి ఒక కాగితం, పెన్ను పట్టుకొని వచ్చాడు. ఆయన ఈ పల్లె చర్చికి సంఘ పెద్ద. అరవై దాటినా రోజూ గడ్డం నున్నగా గీస్తాడు, ఇస్త్రీ లేని చొక్కా తొడగడు, గొంతెత్తితే మైకుతో పనిలేదు. ఏటా విత్తనం వేసే ముందు ఒక ఆదివారం, ఇంటికొక సంచి చొప్పున విత్తనాలు చర్చికి తెచ్చి ప్రార్థన చేయించుకోవడం ఇక్కడి వాడుక. ఆ రోజు, గడిచిన ఏడాదిలో మేలు పొందినవాళ్ళు మైకు ముందు నిలబడి సాక్ష్యం చెబుతారు. చెప్పేవాళ్ళ పేర్లు ముందే రాసుకోకపోతే కొందరు మధ్యాహ్నం దాకా మైకు వదలరు. అందుకే ఆ కాగితం.

"ఇంగ ఎవురుండారు?" అన్నాడు తిప్పన్న.

"మా పాప పేరు రాసుకో మామా," అంది నల్లమ్మ.

కృప చేతిలోని కాయ జారింది.

"ఏమని?"

"ఆయాసం తగ్గిందని. హాస్టల్లో ఊపిరాడక పడిపోతాంటే తోలకొచ్చినాము గదా. ఇరవై రెండు దినాలాయె, మళ్ళా రాల్యా. స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు ఆడవాళ్ళంతా ఒక్క గొంతుగా. వాళ్ళకు నిజంగానే సంతోషమైంది. పదో తరగతిలో మండలంలో మొదట వచ్చిన పిల్ల ఊరందరికీ కావలసిన పిల్లే. తిప్పన్న కళ్ళద్దాల పైనుంచి ఒకసారి కృప వైపు చూసి, కాగితం మీద రాసుకున్నాడు.

ఇరవై రెండు రోజుల్లో అది ఏడుసార్లు వచ్చింది. ఆ సంగతి కృపకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎనిమిదోసారి ఆ పూటే వచ్చింది. చేతులు కడుక్కుంటానని లేచి పెరట్లో తొట్టి దగ్గరికి పోయింది. చెంబు ముంచుతుండగా వేళ్ళ చివర్లలో తిమ్మిరి మొదలైంది. తెలిసిపోయింది. చెంబు వదిలేసి, మేకల కొట్టం వెనక్కి పోయి గోడకు వీపు ఆనించి కూర్చుంది. గుండె ఒంట్లో ఎక్కడుందో తెలియని తీరుగా అన్నిచోట్లా కొట్టుకుంటోంది. ఊపిరి లోపలికి పోతుందే కాని చాలదు. చచ్చిపోతున్నానన్న మాట ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా వినిపించింది. ఎదురుగా పులి లేదు, పాము లేదు. ఎండలో రెండు మేకలు, దూరంగా ఎర్ర దుక్కి, ఆ పైన ఒక్క మబ్బు కూడా లేని ఆకాశం. ఇంత ప్రశాంతమైన చోట, ఇంత చిన్న ఒంట్లో, అంత పెద్ద భయం ఎక్కడ పడుతుంది? భయంతో వణుకుతూనే ఆమెకు ఆ ఆశ్చర్యమూ కలిగింది. అంకెలు లెక్కపెట్టింది. నాలుగైదు నిమిషాలకు అది వచ్చినట్టే పోయింది. ముఖం కడుక్కొని వచ్చి మళ్ళీ చేట ముందు కూర్చుంది.

"మొగమంతా తడుపుకున్యావేమే?" అంది నల్లమ్మ.

"ఎండ మా," అంది కృప.

శుక్రవారం పొద్దున నల్లమ్మ సంగటి గెలుకుతుండగా కృప పొయ్యి దగ్గర కూర్చుని చెప్పేసింది.

"అమ్మా, నాకు తగ్గల్యా."

తెడ్డు ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

"నిన్న గూడా వచ్చె. నీకు తెలీకుండా దాక్కుంటాండా. ఆదివారం తగ్గిందని చెప్పలేనుమా."

నల్లమ్మ కుండ దించి, ముద్ద తీసి, తడి చేత్తో గుండ్రంగా చేసి కూతురి పళ్ళెంలో పెట్టింది. పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. అప్పుడు లేచి, గూట్లోని బైబిలు తీసి, అందులో మడిచి పెట్టిన కాగితం బయటికి లాగింది. హాస్టలు వాళ్ళు ఆస్పత్రిలో గుండెకు పరీక్ష చేయించిన కాగితం.

"ఏమీ లేదని రాసిచ్చినారు గదే దీంట్లో. ఏమీ లేనిది తగ్గకుండా ఎట్ల ఉంటాది?"

"ఏమీ లేదంటే నాకు ఇంగా భయమైతాదిమా. వార్డెన్ మేడం గూడా అదే అన్యది. పరీక్షల ముందర అందురూ ఆడే నాటకమే అన్యది. అందురి ముందరా అన్యది."

"ఆయమ్మ అనింటే అననీ. నేనంటాండానా?" నల్లమ్మ కూతురి ఎదుట చతికిలబడింది. "చూడు కృపా. వాన రాకముందే పొడి దుక్కిలో ఇత్తనం వేస్తామా లేదా? వస్తాదని నమ్మి వేస్తాము. ఇదీ అంతే. తగ్గిందని దేవుని ముందర ముందే చెప్పు. చెప్పినాక ఆయనే తగ్గిస్తాడు. మాట తప్పే దేవుడు కాదు."

నల్లమ్మ అబద్ధం చెప్పమనడం లేదు. అప్పు తెచ్చిన విత్తనాన్ని దుమ్ములో పోసి ఆకాశం వైపు చూడడం పుట్టినప్పటి నుంచి చేస్తున్న మనిషి ఆమె. ఆమెకు నమ్మకమంటే అదే. కూతురి విషయంలోనూ అదే చేసింది, అంతే.

"చెప్పినాక సోమవారం నన్ను బస్సెక్కిస్తావు," అంది కృప.

"ఎక్కియ్యక? ఈడుంటే ఏం చేస్తావే? నాతో పాటు కాయలు వల్చుకుంటా ఉంటావా? మీ నాయన బెంగళూర్లో ఆ సెంట్రింగు పని నీకోసం కాక యాల చేస్తాండాడు?" అని గట్టిగా అంటూనే చేయి చాపి కృప నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసింది. ఆ చేయి గరుకుగా, వెచ్చగా ఉంది. కృపకు ఏడుపు వచ్చింది.

హాస్టలును తలుచుకుంటే చాలు. అరవై మంది ఒకే హాల్లో తలలు వంచి చదువుతుంటారు. ప్రతి శనివారం పరీక్ష, ప్రతి సోమవారం గోడ మీద ర్యాంకుల కాగితం. అక్కడ మేకల కొట్టం లేదు. బాత్రూమ్ ముందర కూడా వరస ఉంటుంది. అక్కడ అది వస్తే దాక్కోవడానికి చోటు లేదు. చర్చిలో తగ్గిందని చెబితే మళ్ళీ ఆ హాలుకే పోవాలి, ఈసారి నోరెత్తే దారి కూడా లేకుండా.

శనివారం పొద్దు వాలే వేళ తిప్పన్న చేని గట్టు మీద విత్తనం వేసే గొర్రుకు తాళ్ళు బిగిస్తున్నాడని తెలిసి కృప అక్కడికి పోయింది. పడమటి నుంచి ఆ రోజు మొదటిసారి మబ్బు లేచింది. నల్లగా, కొండంత ఎత్తున లేచి, ఊరి మీదకు నీడ తోసి, ఒక్క చినుకు రాల్చకుండా గోరంట్ల వైపు జరిగిపోతోంది. చేలల్లో ఉన్న మనుషులంతా పనులు ఆపి తలలెత్తి నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. అంత నీరు తలమీదుగా నడిచిపోతుంటే చూడటమే తప్ప తిట్టాలని తోచదు.

మబ్బు దాటిపోయాక కృప తిప్పన్న దగ్గరికి నడిచింది.

"తాతా, నా పేరు కొట్టెయ్యి."

తిప్పన్న తల ఎత్తలేదు. "యాల?"

"నాకు తగ్గల్యా. అమ్మ తెలీక రాపించింది."

తిప్పన్న ముడి వేస్తున్న తాడు వదిలేశాడు. చుట్టూ చూశాడు. దగ్గరలో ఎవరూ లేరని తేల్చుకున్నాక గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించగలడని కృపకు అప్పుడే తెలిసింది.

"ఎవరికన్నా చెప్పినావా?"

"అమ్మకు."

"ఇంగెవరికీ చెప్పొద్దు. మనుషులు ఒక మాట అనుకుంటే అది జీవితాంతం పోదు. పిచ్చంటారు, దయ్యమంటారు. రేపు రెండు ముక్కలు చెప్పి దిగిపో. ఏమీ కానట్టే తిరుగు. తిరగొచ్చు. కష్టమే గాని తిరగొచ్చు."

"అబద్ధం గదా తాతా."

"ఈ ఊర్లో అందురూ నిజాలే చెప్తాండారా?" అని విసుక్కున్నాడు. "పేరు కొట్టేసేది లేదు. అమ్మ మొగం చూడు. పో, పొద్దుపోతాంది."

కృప వెనక్కి నడిచింది. ఆయన మీద కోపం వచ్చింది. దైవసన్నిధిలో లేనిది చెప్పమని సంఘ పెద్దే అంటే ఇంకెవరిని అడగాలి?

ఆదివారం చర్చిలో రేకుల కింద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి పెడుతున్నాయి. బలిపీఠం ముందర నలభై సంచులు వరసగా ఉన్నాయి. కొన్ని నిండు గోనెలు, కొన్ని చిన్న గుడ్డమూటలు. నల్లమ్మ పెట్టింది అందరికన్నా చిన్న మూట. ఆ మూటల నుంచి పచ్చి విత్తనం వాసన గదంతా నిండింది. కుడిపక్క చాపల మీద మగవాళ్ళు, ఎడమపక్క చాపల మీద ఆడవాళ్ళు. మగవాళ్ళ ముందు వరసలో తిప్పన్న ఒళ్ళో పేర్ల కాగితం పెట్టుకొని పిలుస్తున్నాడు.

ఒకాయన బోరులో రెండంగుళాల నీళ్ళు పడ్డాయని చెప్పాడు. సుజాత తన పాడి ఎనుము తప్పిపోయి నాలుగో రోజు దానంతటదే ఇల్లు చేరిన వైనం చెప్పి, ఆ ఎనుము ఏ దారిన వచ్చిందో కూడా చెప్పబోతే, ఆరాధన నడిపే పాస్టరు అయ్యగారు నవ్వుతూ స్తోత్రం అనిపించి దించేశారు.

"సుంకన్న కూతురు కృపాకుమారి," అన్నాడు తిప్పన్న, కాగితంలోకే చూస్తూ.

మైకు దాకా పది అడుగులు. నల్లమ్మ కూతురి వీపు మీద చేయి వేసి లేపింది. కృప నడిచింది. మైకు పట్టుకుంది. ఇనుము చల్లగా తగిలింది. ఎదురుగా ఊరంతా కూర్చుని ఉంది, అందరి ముఖాలూ ముందే సంతోషపడి సిద్ధంగా ఉన్నాయి.

"అందురికీ వందనాలు," అంది. "నాకు..."

వేళ్ళ చివర్లలో తిమ్మిరి మొదలైంది.

తలుపు వైపు చూసింది. చాపల మధ్య దారిలో పిల్లలు కూర్చుని ఉన్నారు. దాటిపోవడానికి లేదు. గుండె లేచింది. తప్పించుకునే చోటే లేదని తేలిపోయాక, ఎందుకో తెలియదు, చెప్పడం ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడు వస్తాండాది," అంది మైకులో.

ఎవరికీ అర్థం కాలేదు.

"తగ్గిందని చెప్పేదానికి వచ్చినా. తగ్గల్యా. ఇప్పుడే వస్తాండాది. చేతులు తిమ్మిరెక్కినాయి. గుండె... గుండె కొట్టుకునేది నాకు చెవుల్లో వినపడతాంది. ఊపిరి చాలల్యా."

ఆ ఊపిరి మైకులో పడి రేకుల కింద పెద్దగా వినిపించింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో చేతులెత్తి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. అయ్యగారు మైకు అందుకోబోయారు. కృప వదల్లేదు.

"వద్దయ్యగారూ. నాలుగైదు నిమిషాలే ఉంటాది. నేను లెక్కపెట్టినా. ఎప్పుడూ దాక్కుంటా. మేకల కొట్టం ఎనక దాక్కుంటా. ఇప్పుడు... చచ్చిపోతానని అనిపిస్తాంది. శానా భయమైతాంది. ఏం చూసి భయమో తెలీదు. ఏమీ లేదు ఈడ. మీరే ఉండారు."

"ఉండండప్పా!" అని అరిచింది నల్లమ్మ, ప్రార్థన చేస్తున్నవాళ్ళ వైపు తిరిగి. "పాప మాట్లాడతాంది. ఇనండి."

ఊరంతా ఒక పిల్ల ఊపిరిని విన్నది. మైకు కర్రను రెండు చేతులా పట్టుకొని, చెమట కారుతుంటే తుడుచుకోకుండా, ఆమె తనకు ఏమవుతున్నదో ఒక్కొక్కటే చెప్పింది. పెదవులు ఎండినాయని చెప్పింది. గోడలు దూరం జరిగినట్టు ఉందని చెప్పింది. వానకు అలవాటు లేని ఊరు గాలివానను చూసినట్టు కూర్చుండిపోయారు అందరూ. చివరికి ఊపిరి నెమ్మదించింది. కృప కళ్ళు మూసి తెరిచింది. పడిపోలేదు. అందరి ముందూ వచ్చింది, అందరి ముందే పోయింది. ఆమెకే నమ్మశక్యం కాలేదు.

"పోయింది," అంది. "మళ్ళా వస్తాది. నాకు తగ్గల్యా. అంతే."

నల్లమ్మ చాపల మధ్య నుంచి పిల్లల్ని జరుపుకుంటూ వచ్చింది. జన్మలో మైకు ముట్టని మనిషి, దాన్ని రొట్టెల కర్రలా పట్టుకుంది.

"తగ్గిందని చెప్పమన్నది నేను. తప్పు నాది," అంది. "ఏమీ లేదని కాగితం రాసిచ్చినారు. నేను గూడా అదే నమ్మితి. మీరందురూ చూసినారు గదా ఇప్పుడు, ఉండాదో లేదో. దీనికి అనంతపురంలో డాక్టర్లుంటారంట. మనసుకు చూసేవాళ్ళు. యాడుంటారో, ఎట్ల పోవల్లో నాకు తెలీదు. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి. సిగ్గు లేదు నాకు, అడుగుతాండా."

ఎవరూ మాట్లాడలేదు. తెలిస్తే కదా చెప్పడానికి. తెలిసినా చెబితే, నీకెట్లా తెలుసని అడుగుతారు. నల్లమ్మ మైకు పట్టుకొని అలాగే నిలబడింది.

"పెద్దాసుపత్రి," అన్నాడు తిప్పన్న.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన ఇంకా కాగితంలోకే చూస్తున్నాడు.

"మెట్లెక్కి పైకి పోతే ఎడమ చేతి పక్క చివరి గది. మంగళారం, శుక్రారం చూస్తారు. ఎనిమిదికంతా చీటీకి నిలబడల్ల. చీటీ రాసే ఆయప్ప ఏం జబ్బని గట్టిగా అడుగుతాడు. ఎనకుండేవాళ్ళందరూ ఇంటారు. నిద్ర పట్టల్యాదని చెప్తే చాలు, రాసిస్తాడు. డాక్టరమ్మ మంచిది. కూర్చోబెట్టి మాట్లాడతాది."

"ఎవురిని తోలకపోయినావు మామా?" అంది నల్లమ్మ.

తిప్పన్న కళ్ళద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"ఎవురినీ తోలకపోల్యా. నేనే పోతా. నాలుగేండ్లాయె."

ఆడవాళ్ళ వైపు ఎస్తేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బీపీ మాత్రలంటివే," అంది, పక్కవాళ్ళకు మాత్రమే వినిపించేటట్టు. అయినా అంత నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

"నీకూ చెప్పల్యా," అన్నాడు తిప్పన్న. "నిన్న ఈ పాప నాకాడికి వచ్చె. ఎవరికీ చెప్పొద్దు, ఏమీ కానట్టే తిరుగు అని చెప్పి పంపిస్తి. సంఘ పెద్దను. అరవై రెండేండ్లోన్ని. నేను చెప్పిన మాట అది." ఒళ్ళోని కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "మంగళారం ఆరు గంటల బస్సుకు రాండి. నేనూ పోవల్ల."

కృప ఆయన్ను చూస్తోంది. పుట్టినప్పటి నుంచి చూసిన మనిషి. ఆ ఇస్త్రీ చొక్కా కింద, ఆ పెద్ద గొంతు వెనక, నాలుగేళ్ళుగా ఈయన కూడా ఒక మేకల కొట్టం వెతుక్కుంటూ తిరిగాడా! ఈ చాపల మీద ఇంకా ఎంతమంది ఉన్నారో అనుకుంటే ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది. భయంతో కాదు. మనుషులు ఇంత లోతుగా ఉంటారని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అప్పుడు ఆమె ఆయన చేతులు చూసింది. కాగితం వణుకుతోంది. వేళ్ళను ఒకటికొకటి రుద్దుకుంటున్నాడు, తిమ్మిరి వదిలించుకునేవాడిలా. కళ్ళు తలుపు వైపు పోతున్నాయి. చాపల మధ్య దారిలో పిల్లలు కూర్చుని ఉన్నారు.

కృప తల్లిని దాటి, విత్తనం మూటల పక్కగా నడిచి, ఏ ఆడపిల్లా కూర్చోని మగవాళ్ళ చాప మీద, తిప్పన్న పక్కన కూర్చుంది. ఆయన చేతి మీద చేయి వేసింది. ఆ చేయి చల్లగా, తడిగా ఉంది.

"నాలుగైదు నిమిషాలే తాతా," అంది. "నేనుండా. యాడికీ పోవద్దు."